పాత ప్లాస్టిక్ సరుకు ఓడ కిట్‌ను మార్చి కట్టడం: కొలతల నుంచి తాళ్ల దాకా సమగ్ర మార్గదర్శి

పాత సరుకు ఓడ కిట్‌ను పెట్టెలో ఉన్నది ఉన్నట్టు అతికిస్తే ఆటబొమ్మలా కనిపిస్తుందనీ, దాన్ని అసలు ఓడకు దగ్గరగా ఎలా తీసుకురావాలనీ చాలామంది అడుగుతున్నారు. ఈ మార్గదర్శిలో ఉదాహరణగా రెవెల్ సంస్థ 1950లలో తెచ్చిన ‘హవాయియన్ పైలట్’ కిట్‌ను తీసుకున్నాను. అది మ్యాట్సన్ అనే అమెరికన్ ఓడల కంపెనీకి చెందిన సీ3 తరహా సరుకు ఓడ. సీ3 అంటే చాలా ఓడలను ఒకే రూపంలో కట్టడానికి వాడిన ఒక ప్రామాణిక అమెరికన్ నమూనా. పద్ధతి మాత్రం ఏ పాత సరుకు ఓడకైనా వర్తిస్తుంది.

ఒక విషయం మొదట్లోనే స్పష్టం చేసుకుంటే తర్వాతి నిర్ణయాలన్నీ సులువవుతాయి. పాత కిట్‌లో నిజంగా విలువైనది హల్, అంటే ఓడ బయటి పొట్ట, ఆకారం ఒక్కటే. ఆ రెండు వంపు ముక్కలను ఇంట్లో తయారుచేయడం కష్టం. మాస్టులు (నిలువు స్తంభాలు), బూములు (సరుకు ఎత్తే పొడవాటి కడ్డీలు), రెయిలింగులు, వించ్‌లు (తాళ్లు చుట్టే యంత్రాలు), హాచ్ (సరుకు గది పైద్వారం) మూతలు వంటివి కిట్‌లో ఉన్నవాటికన్నా మన చేతితో చేసినవే బాగుంటాయి. కాబట్టి ఓపికను హల్ అతుకుల మీద, సరుకు ఎత్తే సామగ్రి మీద ఖర్చు పెట్టాలి. మిగతా చోట్ల పొదుపుగా ఉన్నా నష్టం లేదు.

## 1. ఏ ఓడ, ఏ సంవత్సరం అన్నది ముందు తేల్చుకోవాలి

‘సీ3 సరుకు ఓడ’ అని మాత్రమే అనుకుని పని మొదలుపెట్టకూడదు. ఒకే తరహాలో కట్టిన ఓడలకు కూడా యజమాని మారినప్పుడల్లా రంగులు, పడవలు, యాంటెనాలు, కొన్నిసార్లు మాస్టులు కూడా మారిపోయాయి. ఒక ఓడ పేరు, ఒక సంవత్సరం ఎంచుకుని, ఆ కాలపు ఫొటోలు కనీసం మూడు కోణాల్లో సంపాదించిన తర్వాతే బ్లేడు పట్టాలి.

ఇక్కడ నేను ఎంచుకున్న మార్పు ‘హవాయియన్ మర్చంట్’. ఇది కూడా మ్యాట్సన్ వారి సీ3 ఓడే. 1958 ఆగస్టు 31న శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతం నుంచి హోనొలులుకు బయలుదేరినప్పుడు డెక్ (ఓడ పైతలం) మీద 24 అడుగుల కంటైనర్లు 20 మోసుకెళ్లింది. హల్‌ను కోయనవసరం లేదు, డెక్ మీది బరువు మారితే చాలు, ఓడ రూపమే మారిపోతుంది. మొదటిసారి మార్పు చేసేవారికి ఇంతకన్నా అనువైనది దొరకదు.

సీ3 హల్ గీతల గురించి సందేహం వస్తే యుద్ధనౌకల పుస్తకాలు కూడా పనికొస్తాయి. బోగ్ తరగతి ఎస్కార్ట్ విమాన వాహక నౌకలను ఈ హల్ మీదే కట్టారు కాబట్టి, వాటి నీటి దిగువ గీతలు చూసి ముందు మొన, వెనక భాగం వంపులను సరిచూసుకోవచ్చు.

ఈ కిట్‌ను ‘జల ఉష’గా మార్చవచ్చా అన్న ప్రశ్న మన తెలుగువారి నుంచి సహజంగానే వస్తుంది. విశాఖపట్నంలో సింధియా యార్డు కట్టగా 1948 మార్చి 14న నెహ్రూ నీటిలోకి దించిన ఆ ఓడ 8,000 టన్నుల స్టీమరు. సీ3 కన్నా చిన్నది, హల్ గీతలు పూర్తిగా వేరు. కిట్‌ను కోసి అతికి ఆ రూపం తేవడానికి పట్టే శ్రమతో హల్‌నే పలకలతో మొదటి నుంచి కట్టుకోవచ్చు. కాబట్టి నా సలహా ‘వద్దు’ అనే.

## 2. కిట్ అసలు నిష్పత్తిని లెక్కగట్టడం

ఆ కాలపు కిట్లను ఒక స్థిరమైన నిష్పత్తిలో కాక, పెట్టె పొడవుకు సరిపడేలా తయారుచేసేవారు. పెట్టె మీద రాసిన అంకెను నమ్మకుండా స్వయంగా కొలవాలి.

సీ3 ఓడ మొత్తం పొడవు 492 అడుగులు, అంటే సుమారు 149.96 మీటర్లు. హల్ మొన నుంచి చివరి దాకా కొలిస్తే 394 మి.మీ. వచ్చిందనుకుందాం. 1,49,960ని 394తో భాగిస్తే దాదాపు 380 వస్తుంది. అంటే నిష్పత్తి 1/380. ఇదే లెక్కను వెడల్పుతో కూడా చేయాలి. సీ3 వెడల్పు 69 అడుగుల 6 అంగుళాలు, అంటే 21.18 మీటర్లు. 1/380లో అది 55.7 మి.మీ. ఉండాలి. రెండు లెక్కలకూ కొద్ది తేడా ఉంటే పొడవునే ప్రమాణంగా తీసుకోవాలి, ఎందుకంటే డెక్ మీద వస్తువుల అమరిక అంతా పొడవు మీదే ఆధారపడుతుంది.

మీ హల్‌కు వేరే అంకె వస్తే కింది పట్టికను ఆ అంకెతో మళ్లీ రాసుకుని బల్ల ముందు గోడకు అంటించుకోండి. 1/380కి:

- మనిషి (1.7 మీ.): 4.5 మి.మీ.
- తలుపు (1.9 మీ.): 5 మి.మీ.
- రెయిలింగ్ (1 మీ.): 2.6 మి.మీ.
- ఒక అంతస్తు ఎత్తు (2.5 మీ.): 6.6 మి.మీ.
- కిటికీ బెజ్జం (30 సెం.మీ.): 0.8 మి.మీ.
- బూము (17 మీ. అనుకుంటే): 45 మి.మీ.
- కంటైనర్ (24 × 8 × 8½ అడుగులు): 19.2 × 6.4 × 6.8 మి.మీ.

లోహపు రెయిలింగులు, నిచ్చెనలు బజారులో 1/350కీ 1/400కీ దొరుకుతాయి. రెయిలింగ్ ఎత్తు 1/350లో 2.9 మి.మీ., 1/400లో 2.5 మి.మీ. మన 2.6కు 1/400దే దగ్గర. 1/350లో రకాలు ఎక్కువ దొరుకుతాయన్న మాట నిజమే. ఏదో ఒకటి ఎంచుకుని ఓడంతా అదే వాడండి. రెండూ కలిపితే మాత్రం కంటికి వెంటనే తెలిసిపోతుంది.

## 3. పనిముట్లు, సామగ్రి

ఖరీదైన పెట్టె కొనవలసిన పని లేదు. వెర్నియర్ క్యాలిపర్, కొత్త బ్లేడ్లు, ఉక్కు స్కేలు, 0.3 నుంచి 1 మి.మీ. వరకు డ్రిల్ బిట్లతో పిన్ వైస్ (చేతితో తిప్పే చిన్న డ్రిల్), సన్నని పట్టకార్లు రెండు, చిన్న ఆకురాళ్లు, 400 నుంచి 1500 వరకు వాటర్ పేపర్లు ఉంటే చాలు.

పలకల కోసం 0.25, 0.5, 1 మి.మీ. మందంలో పాలీస్టైరిన్ షీట్లు తీసుకోవాలి. ఇక్కడ ఒక తికమక ఉంది. బోర్డుల దుకాణాల్లో దొరికే సన్‌బోర్డ్ పాలీస్టైరిన్ కాదు, నురుగు పీవీసీ. ప్లాస్టిక్ సిమెంటు దాన్ని సరిగా కరిగించి కలపదు. కొన్న షీటు ఏదో అనుమానంగా ఉంటే మూల మీద ఒక చుక్క ప్లాస్టిక్ సిమెంటు వేసి చూడండి. నిమిషంలో మెత్తబడి జిగటగా మారితే అది పాలీస్టైరిన్. త్రికోణ గుర్తులో 6 అంకె ఉన్న పెరుగు డబ్బాలు, మూతలు కూడా ఈ జాతివే. చదునైన భాగాలు కత్తిరించి దాచుకోవచ్చు.

గొట్టాలకు ఇంజెక్షన్ సూదులు చక్కగా పనికొస్తాయి. వాడనివి, కొత్తవే కొనాలి. 23 గేజి సూది సుమారు 0.64 మి.మీ., 26 గేజి సుమారు 0.46 మి.మీ. మందం ఉంటుంది. మొనను ముందే ఆకురాయితో తీసేసి పనిలోకి దిగండి. తీగ కోసం ఎలక్ట్రికల్ దుకాణంలో 14/0.2 అని రాసి ఉండే వైరు ఒక మీటరు కొంటే, లోపల 0.2 మి.మీ. రాగి పోగులు పద్నాలుగు దొరుకుతాయి.

జిగుర్లు మూడు రకాలు ఉండాలి: ప్లాస్టిక్‌కు ప్లాస్టిక్ సిమెంటు, లోహానికి ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ, కిటికీలకూ గుడ్డ మూతలకూ తెల్ల ఫెవికాల్. ప్లాస్టిక్ సిమెంటు, సూపర్ గ్లూ ఆవిర్లు మంచివి కావు. కిటికీ తెరిచి, గాలి మీ ముఖం నుంచి బయటికి పోయేలా కూర్చోవాలి. వాటిని పిల్లలకు అందకుండా ఉంచాలి.

## 4. శుభ్రం చేయడం, పాత జిగురు విడదీయడం, వంకర తీయడం

అతికించని కిట్ అయితే ముక్కలను అవి అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేముల్లోనే ఉంచి గోరువెచ్చని సబ్బునీటితో కడిగి నీడన ఆరబెట్టాలి. మూస నుంచి తీయడానికి వాడిన నూనె ఏళ్లు గడిచినా పోదు, రంగును పట్టనివ్వదు.

ఎవరో ఎప్పుడో కట్టేసిన ఓడ దొరికితే పని వేరు. దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచితే పాత ట్యూబు జిగురు పెళుసుగా మారుతుంది. బయటికి తీసిన వెంటనే పలుచని బ్లేడును అతుకులోకి నెమ్మదిగా తోస్తే చాలా చోట్ల ‘టక్’మని విడిపోతుంది. మొండికేసిన చోట లాగవద్దు. ఆ భాగం ఎలాగూ మార్చేదే అయితే రంపంతో కోసేయండి.

పాత ఎనామెల్ రంగు తీయడానికి కాస్టిక్ సోడా నీరు పనిచేస్తుంది. రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. నీటిలో సోడాను కొద్దికొద్దిగా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు, ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపాలి, అల్యూమినియం పాత్ర వాడకూడదు. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ఎన్‌సీ థిన్నర్‌నూ అసిటోన్‌నూ ఓడ దగ్గరికి రానీయకండి. అవి రంగుతో పాటు హల్‌నూ కరిగిస్తాయి.

హల్ వంకరపోయి ఉంటే 60 నుంచి 70 డిగ్రీల వేడి నీటిలో కొద్ది నిమిషాలు ఉంచి, చదునైన గాజు పలక మీద చేతితో సరిచేసి, అలాగే పట్టుకుని చల్లనీటిలో ముంచాలి. ఒకేసారి పూర్తిగా సరికాకపోయినా, మళ్లీ చేయవచ్చు. మరిగే నీరు పోస్తే హల్ రూపమే చెడుతుంది.

## 5. హల్: అతికించే ముందు చేయవలసినవన్నీ

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. హల్ రెండు సగాలనూ వెంటనే అతికించేసి, తర్వాత లోపలి వైపు చేయి దూరక అవస్థ పడతారు. ఈ వరుస పాటించండి.

మొదట కిటికీ బెజ్జాలన్నీ 0.8 మి.మీ. బిట్‌తో తొలవాలి. సూది మొనతో మధ్యలో చిన్న గుర్తు పెట్టుకుంటే బిట్ జారదు. రెండోది, లంగరు గొలుసు బయటికి వచ్చే హాస్ పైపులకు బెజ్జాలు. మూడోది, లోపలి వైపు 1 మి.మీ. షీటుతో అడ్డుగోడలు మూడు నాలుగు అతికించడం. ఇవి హల్ వెడల్పును 55.7 మి.మీ. దగ్గర పట్టి ఉంచుతాయి. నాలుగోది, పీఠానికి బిగించే స్క్రూల కోసం రెండు నట్లను ఎపాక్సీతో లోపల గట్టిగా అమర్చడం. డెక్ మూసిన తర్వాత నట్టు పెట్టే దారి ఉండదు.

ఆనాటి కిట్లలో కొన్నింటికి అడుగు చదునుగా, నీటి గీతకు కాస్త కిందనే కోసినట్టు ఉంటుంది. అలాంటిదైతే దాన్ని పూర్తి హల్‌గా మార్చాలని తాపత్రయపడవద్దు. సముద్రంలో తేలుతున్నట్టు నీటి పీఠం మీద పెట్టడమే సబబు.

ఇక అతికించడం. ముందు మొన నుంచి మొదలుపెట్టి, ఒకసారికి 5 సెం.మీ. చొప్పున సిమెంటు పారించి, కొద్దిగా ప్లాస్టిక్ బయటికి పొంగేలా నొక్కి, రబ్బరు బ్యాండ్లతో కట్టి ఒక రోజు వదిలేయాలి. పొంగిన ప్లాస్టిక్కే మంచి పుట్టీ. గీరేస్తే అతుకు మాయమవుతుంది. ఖాళీలు మిగిలితేనే పుట్టీ వాడాలి, అదీ పలుచని పొరలుగా. మందంగా నింపితే లోపల ఆరక, వారాల తర్వాత కుంగి రంగు కింద గీతలా బయటపడుతుంది.

తనిఖీ:

- గాజు పలక మీద పెడితే హల్ ఊగకూడదు.
- ముందు మొన, వెనక స్తంభం రెండూ ఒకే నిలువు గీతలో ఉండాలి. చివరి నుంచి ఒక కన్ను మూసి చూడండి.
- అతుకు మీద గోరు జార్చితే ఎక్కడా తగలకూడదు.

## 6. డెక్ అంచు గోడలు

డెక్ అంచున నిలబడే బుల్‌వర్క్ గోడ పాత కిట్‌లో 1 మి.మీ. మందం ఉంటుంది. అంటే అసలు ఓడలో 38 సెం.మీ. మందపు ఉక్కు గోడ అన్నమాట. అసలుది ఒక్క పలక మందమే. ఓడ బొమ్మలా కనిపించడానికి ఉన్న కారణాల్లో ఇది పెద్దది, సరిచేయడం మాత్రం చాలా సులువు.

గోడ మొత్తాన్నీ పలుచన చేయనక్కర్లేదు. లోపలి వైపు పై అంచును ఏటవాలుగా గీరి, కంటికి కనిపించే అంచు 0.3 మి.మీ.కు వచ్చేలా చేస్తే చాలు. ఆ తర్వాత లోపలి వైపు 0.25 మి.మీ. షీటు నుంచి కోసిన చిన్న త్రికోణాలను సమదూరంలో ఊతాలుగా నిలబెట్టాలి. గోడ ఉన్న చోట రెయిలింగ్, రెయిలింగ్ ఉన్న చోట గోడ కిట్‌లో తారుమారై ఉండవచ్చు. ఫొటో చూసి ఆ భాగాన్ని కోసి తీసేయడానికి ఇదే సమయం.

డెక్‌తో పాటు మూసలోనే పోసిన గొలుసులు, తాళ్ల చుట్టలు, తలుపులు ఉంటే ఉలి బ్లేడుతో చెక్కేయాలి. డెక్ బల్లల గీతలు మరీ లోతుగా ఉంటే ఫొటో చూసి నిర్ణయించండి. ఉక్కు డెక్ ఉన్న చోట బల్లల గీతలు అసలు ఉండకూడదు, వాటిని పుట్టీతో నింపి నునుపు చేయాలి.

## 7. మధ్య కట్టడం

ఓడ మధ్యలో సిబ్బంది గదులు, పైన ఓడను నడిపే బ్రిడ్జ్ గది, చిమ్నీ ఉంటాయి. కిట్ గోడలను వాడాలా, కొత్తవి కోయాలా అన్నది ఒక్క కొలతతో తేలుతుంది. అంతస్తు ఎత్తు 6.6 మి.మీ.కు దగ్గరగా ఉంటే గోడలు ఉంచి కిటికీలు మాత్రం తొలవండి. తేడా ఒక మిల్లీమీటరు దాటితే ఆ గోడలనే నమూనాగా కాగితం మీద గీసుకుని, 0.5 మి.మీ. షీటుతో కొత్త పెట్టెలు కట్టడమే మేలు.

పెట్టె కట్టేటప్పుడు లోపల మూలల్లో చతురస్రపు కడ్డీలు అతికిస్తే గోడలు లంబంగా నిలుస్తాయి. అంతస్తుల డెక్‌లను గోడకన్నా కాస్త బయటికి వచ్చేలా 0.25 మి.మీ. షీటుతో కోయాలి. ఆ పలుచని అంచు నీడే కట్టడానికి జీవం పోస్తుంది. తలుపులను 5 మి.మీ. ఎత్తు ముక్కలుగా కోసి డెక్‌కు కొద్దిగా పైన అతికించండి. ఓడ తలుపుకు కింద గడప ఎత్తుగా ఉంటుంది.

ప్రతి అంతస్తునూ విడివిడిగా ఉంచి, రంగు అయ్యాక ఒకదాని మీద ఒకటి పెట్టాలి. చిమ్నీ పైభాగం మూసి ఉంటే తొలిచి లోపల నల్లరంగు వేయాలి. లైఫ్‌బోట్లకు లోపలి బల్లలు చేయడం నా దృష్టిలో వృథా శ్రమ. ఫెవికాల్ నీటిలో తడిపిన టిష్యూ ముక్కను పైన కప్పి అంచులు నొక్కితే గుడ్డ కప్పిన పడవ అవుతుంది. సముద్రంలో ఉన్న ఓడకు అదే సహజం. పడవలను మోసే కొంకుల కోసం రాగి తీగను వంచి పటకారుతో కొద్దిగా నొక్కి చదును చేయాలి.

## 8. హాచ్‌లు, వించ్‌లు

సీ3లో సరుకు గదులు ఐదు. హాచ్ చుట్టూ ఉండే గట్టును షీటుతో కట్టి, పైన టార్పాలిన్ పరిచినట్టు టిష్యూ అతికించి, అంచుల వెంట సన్నని పట్టీలు పెట్టాలి. టార్పాలిన్ పూర్తిగా నునుపుగా ఉండకూడదు. లోపలి చెక్క మూతల గీతలు లీలగా కనిపించేలా కింద సన్నని పట్టీలు వేసి ఆపై టిష్యూ పరచండి.

వించ్‌లు చాలా కావాలి, ఒక బూముకు ఒకటి చొప్పున. ఒక్కొక్కటి విడిగా చేస్తూ పోతే చివరిది మొదటిదానిలా ఉండదు. అన్నిటికీ కావలసిన పీఠాలు ఒకేసారి, డ్రమ్ములు ఒకేసారి, పక్క చక్రాలు ఒకేసారి కోసి పెట్టుకోవాలి. తర్వాత గట్టి అట్ట మీద గాడి కోసి దాన్ని అచ్చుగా వాడుతూ కూర్చాలి. నాలుగైదు ఎక్కువే చేయండి. కార్పెట్ మీద పడినది మళ్లీ దొరకదు.

## 9. మాస్టులు, కింగ్‌పోస్టులు, బూములు

సరుకు ఓడను సరుకు ఓడగా నిలబెట్టేది ఇదే. ఈ పనికి మిగతా అన్నిటికన్నా ఎక్కువ సమయం కేటాయించాలి. కట్టే ముందు ఆ సామగ్రి ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకోకపోతే తాళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలో ఊహించి వేయవలసి వస్తుంది, తెలిసినవారు చూడగానే పట్టేస్తారు.

ఒక హాచ్ దగ్గర రెండు బూములు జంటగా పనిచేస్తాయి. ఒకదాని కొస సరిగ్గా హాచ్ మీద ఉంటుంది, రెండోదాని కొస ఓడ పక్కన రేవు మీదికి పోయి ఉంటుంది. రెండు వించ్‌ల నుంచి వచ్చే రెండు ఎత్తుడు తాళ్లు ఒకే కొక్కేనికి కలుస్తాయి. మొదటి వించ్ సరుకును పైకి లాగుతుంది, రెండోది దాన్ని పక్కకు లాక్కుని కిందికి దించుతుంది. పని జరుగుతున్నంతసేపూ బూములు కదలవు. వాటిని కదలకుండా పట్టేవి పక్కల నుంచి డెక్‌కు కట్టిన గై తాళ్లు, పైకి పట్టేవి మాస్టు కొస నుంచి వచ్చే టాపింగ్ లిఫ్టులు. అంటే ఒక్కో బూముకు మూడు రకాల తాళ్లు: పైకి పట్టేది, పక్కకు పట్టేవి, సరుకు ఎత్తేది.

ఓడ ప్రయాణంలో ఉన్నప్పుడు బూములను సాధారణంగా పడుకోబెట్టి ఊత మీద కట్టేస్తారు. డెక్ మీద సరుకు అడ్డుగా ఉంటే కొన్నిసార్లు మాస్టుకు ఆనించి నిలువుగా ఉంచుతారు. మీ ఓడ రేవులో ఉందా, ప్రయాణంలో ఉందా అన్నది ఇక్కడే నిర్ణయించాలి. కంటైనర్లతో కడుతుంటే ఫొటోలో ఏ హాచ్ మీద బరువు ఉందో చూసి, ఆ హాచ్ బూములను దానికి తగ్గట్టు అమర్చండి.

మాస్టును ఒకదానిలో ఒకటి దూరే ఇత్తడి గొట్టాలతో చేయాలి: కింద 1.5, మధ్య 1, పైన 0.6 మి.మీ. కింది చివర 5 మి.మీ. తీగ బయటికి ఉంచి డెక్‌లో బెజ్జంలోకి దింపితే జిగురు ఒక్కదాని మీద బరువు పడదు. పక్కపక్కన నిలిచి బూములను మోసే స్తంభాలైన కింగ్‌పోస్టుల జంటను ఓడ మీద కాక, గ్రాఫ్ కాగితం మీద టేపుతో అంటించి, పై అడ్డకడ్డీని సోల్డర్ చేసి, జంటగానే తెచ్చి నిలబెట్టండి.

బూములకు 23 గేజి సూదుల మందం సరిపోతుంది, బూము పొడవుకు సరిపడే పొడవాటి సూదులు చూసుకోవాలి. అసలు బూము మధ్యలో కాస్త లావుగా, కొసల్లో సన్నగా ఉంటుంది. పిన్ వైస్‌లో బిగించి తిప్పుతూ కొసలను ఆకురాయితో కొద్దిగా తగ్గిస్తే ఆ రూపం వస్తుంది. సూది ఉక్కు గట్టిది కాబట్టి విసుగ్గా అనిపిస్తే, 0.8 మి.మీ. ఇత్తడి తీగ వాడండి. బూము మొదట్లో రాగి తీగతో చిన్న కొంకు, కొసలో పిసరంత కప్పీ ఉండాలి.

తనిఖీ:

- వెనక గ్రాఫ్ కాగితం నిలబెట్టి చూస్తే మాస్టులన్నీ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి.
- జంట బూముల పొడవు ఒకటే ఉండాలి.
- పడుకోబెట్టిన బూము కొస ఊత మీదికి రావాలి. రాకపోతే మాస్టు స్థానం తప్పు, బూమును కత్తిరించి సరిపెట్టకండి.

## 10. కంటైనర్లు

20 పెట్టెలు ఒకేలా రావాలంటే ఒక్కొక్కటి విడిగా కట్టకూడదు. 6.3 మి.మీ. చతురస్రపు పాలీస్టైరిన్ గొట్టం దొరుకుతుంది. అది వెడల్పుకు సరిపోతుంది. పైన 0.5 మి.మీ. పట్టీ ఒకటి పొడవునా అతికిస్తే ఎత్తు 6.8 అవుతుంది. ఆరాక, అడ్డుదిమ్మ పెట్టుకున్న చిన్న రంపపు పెట్టెలో 18.7 మి.మీ. ముక్కలుగా కోసి, రెండు చివరలా 0.25 మి.మీ. షీటు మూసి అంచులు చెక్కితే 19.2 మి.మీ. పొడవు వస్తుంది.

పక్క గోడల మీది నిలువు పట్టీల సంఖ్యను ఫొటోలో లెక్కపెట్టండి. ఒక అట్ట మీద ఆ దూరాలు గుర్తుపెట్టి, ప్రతి పెట్టెనూ దాని పక్కన పెట్టి సూదితో గీతలు గీయాలి. ఈనాటి 20, 40 అడుగుల కంటైనర్ల రెడీమేడ్ ముక్కలు వాడితే పని తేలికే కానీ, 1958 నాటి ఈ ఓడకు అవి పూర్తిగా తప్పు. పొడవుతోనే దొరికిపోతారు. పెట్టెలను డెక్‌కు కట్టే గొలుసులను రెండు రాగి పోగులు మెలిపెట్టి చేయవచ్చు.

## 11. రంగు, డెకాల్స్

రంగు వేసేది ఇప్పుడు, విడి భాగాలుగా. హల్, డెక్, ఒక్కో అంతస్తు, మాస్టులు, కంటైనర్లు వేర్వేరుగా. మొదట బూడిద రంగు ప్రైమర్ పలుచగా వేసి చూస్తే అతుకుల లోపాలన్నీ బయటపడతాయి. వాటిని సరిచేసి మళ్లీ ప్రైమర్ వేయాలి. కార్లకు వాడే స్ప్రే డబ్బా వాడదలిస్తే ముందు ఫ్రేము ముక్క మీద పరీక్షించండి. కొన్నింటి థిన్నర్ ప్లాస్టిక్‌ను కొరుకుతుంది.

అచ్చమైన నలుపు, అచ్చమైన తెలుపు వాడకూడదు. ఇంత చిన్న ఓడ మీద అవి కళ్లకు గుచ్చుకుంటాయి. నలుపులో కాస్త బూడిద, తెలుపులో చుక్కంత లేత గోధుమ కలపండి. నీటి గీత గీయడానికి పెన్సిల్‌ను సరైన ఎత్తులో చెక్కదిమ్మకు బిగించి, గాజు పలక మీద హల్ చుట్టూ జరపాలి. మాస్కింగ్ టేపు అంటించాక, అంచు మీద ముందు కింది రంగునే ఒక పొర వేస్తే పై రంగు కిందికి పాకదు.

వానాకాలంలో, ముఖ్యంగా తీర ప్రాంతాల్లో, స్ప్రే లక్క తెల్లగా పొగపట్టినట్టు ఆరుతుంది. గాలిలోని తేమ దానికి కారణం. పొడి రోజు వచ్చే దాకా ఆగి మళ్లీ పలుచగా ఒక పొర వేస్తే చాలావరకు తొలగిపోతుంది.

పాత డెకాల్స్ (నీటిలో తడిపి అంటించే పేర్లు, గుర్తుల స్టిక్కర్లు) పసుపెక్కి ఉంటే జిప్ కవర్‌లో పెట్టి ఎండ తగిలే కిటికీ అద్దానికి లోపలి నుంచి కొన్ని రోజులు అంటించి ఉంచితే తెల్లబడతాయి. నీటిలో వేసే ముందు పైన క్లియర్ లక్క ఒక పొర పట్టించాలి. లేకపోతే నీటిలోనే ముక్కలైపోతాయి. ఓడ పేరు మారుతోంది కాబట్టి కొత్త పేరును ముద్రించుకోవలసిందే.

## 12. తాళ్లు

వరుస ఇది: ఓడ మధ్య నుంచి చివరలకు, లోపలి నుంచి బయటికి, పై నుంచి కిందికి. మాస్టును నిలబెట్టే స్థిర తాళ్లు ముందు, టాపింగ్ లిఫ్టులు తర్వాత, గై తాళ్లు ఆ తర్వాత, సరుకు ఎత్తే తాళ్లు చివర.

20 మి.మీ. ఉక్కు తాడు 1/380లో 0.05 మి.మీ. మాత్రమే. కుట్టు దారం నూగుతో మోకులా కనిపిస్తుంది. కిట్ ఫ్రేము ముక్కను కొవ్వొత్తి సెగకు పైన తిప్పుతూ, మెత్తబడగానే మంట నుంచి తప్పించి స్థిరంగా లాగితే వెంట్రుక సన్నని పోగు వస్తుంది. ఎంత వేగంగా లాగితే అంత సన్నం. రెండు కొసల దూరాన్ని డివైడర్‌తో కొలిచి, పోగును కోసి, సూపర్ గ్లూలో కొస ముంచి అంటించాలి.

పోగు వదులైతే వెలిగించిన అగరుబత్తిని దగ్గరగా, తగలకుండా తీసుకెళ్లండి. వేడికి అది ముడుచుకుని బిగుసుకుంటుంది. ఒక్క క్షణం ఎక్కువైతే తెగిపోతుంది కాబట్టి వృథా పోగు మీద ముందు సాధన చేయండి. చేయి తరచుగా తగిలే చోట ప్లాస్టిక్ పోగు నిలవదు, అక్కడ సాగే నైలాన్ దారం మేలు.

## 13. రెయిలింగులు, ఆఖరి అమరిక

రెయిలింగ్‌ను ఫ్రేములో ఉండగానే రంగు వేసి, గాజు పలక మీద కోసి, పొడవును బట్టి కాగితపు నమూనాతో సరిచూసి వంచాలి. జిగురు మధ్యలో ఒక చుక్క వేసి నిలబెట్టి, నిటారుగా ఉందని చూసుకున్నాక రెండు చివరలా చుక్కలు వేయండి. మొత్తం పొడవునా ఒకేసారి జిగురు రాస్తే సరిచేసే వీలుండదు.

తరచుగా ఎదురయ్యే చిక్కులు, వాటి మందు:

- సూపర్ గ్లూ చుట్టూ తెల్లని పొగమచ్చ వస్తే: జిగురు ఎక్కువైంది. మ్యాట్ లక్క పలుచగా కొడితే కనిపించదు.
- తాళ్లు లాగడంతో మాస్టు వంగితే: ఒకవైపు తాళ్లన్నీ పూర్తిచేసి రెండోవైపు మొదలుపెట్టారు. కోసి, ఎడమొకటి కుడొకటి చొప్పున మళ్లీ వేయాలి.
- మధ్య కట్టడం, డెక్ మధ్య సన్నని వెలుగు గీత కనిపిస్తే: ఫెవికాల్‌ను సన్నని కుంచెతో పారించి, తడి గుడ్డతో తుడిచేయాలి.
- కిటికీ బెజ్జాలు ఖాళీగా కనిపిస్తే: అగ్గిపుల్ల కొనతో ఫెవికాల్ చుక్క నింపాలి, ఆరితే అద్దంలా పారదర్శకమవుతుంది. మ్యాట్ లక్క కొట్టాకే ఈ పని చేయాలి, ముందు చేస్తే అద్దం మసకబారుతుంది.
- దుమ్ము పడితే: మెత్తని మేకప్ బ్రష్‌తో మాత్రమే, తాళ్ల వెంట పై నుంచి కిందికి తుడవాలి. అద్దాల పెట్టె కొలతలు ముందే తీసుకుని, ఓడ పూర్తయ్యేలోపే చేయించుకోవాలి. మాస్టు ఎత్తుకు పైన కనీసం 3 సెం.మీ. ఖాళీ వదలమని చెప్పండి.